నాలుగో మనిషి అన్నం

మొన్న శుక్రవారం నర్సీపట్నం బస్టాండులో సెక్యూరిటీ ఆయన ఒక పెద్దమనిషి సంచిలోంచి స్టీలు కేరియర్ బయటికి తీయించి మూత విప్పమన్నాడు. మూత లేచిందో లేదో, ఆవపెట్టిన పనసపొట్టు కూర వాసన, ఇంగువ పోపుతో సహా, డీజిలు పొగని పక్కకి నెట్టేసి నా ముక్కు దాకా వచ్చింది. ఎక్కవలసిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయినా నాకేమీ బాధనిపించలేదు. ఆ వాసన నన్ను పాతికేళ్ళ వెనక్కి లాక్కుపోయి మా అమ్మమ్మ వరహాలమ్మ గారి వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా అమ్మ చెల్లెలు సుగుణ పిన్నికి కృష్ణదేవిపేట దాటాక, అడవి మొదలయ్యే చోట, చిన్న బళ్ళో టీచరు పని దొరికింది. అక్కడే ఒక గది తీసుకుని ఉండేది. పిన్నికి వంట రాదు, ఆ సంగతి ఆవిడే గొప్పగా చెప్పుకునేది. అందుకని అమ్మమ్మ పొద్దున్నే వండి, నాలుగు గిన్నెల పెద్ద కేరియర్ నింపి, ఏడింటి బస్సుకి అందించేది. డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద ఆ కేరియర్ మహారాణిలా కూర్చుని వెళ్ళేది. టికెట్టు లేదు, చీటీ లేదు, అడ్రసు లేదు, 'టీచరమ్మ కేరియర్' అంటే చాలు. ఒకసారి మాత్రం గుమ్మడికాయ పులుసు సగమే చేరింది. మర్నాడు డ్రైవరుగారు తలవంచుకుని తనే ఒప్పేసుకుంటే, అమ్మమ్మ ఆ రోజు నుంచి ఆయనకి విడిగా ఒక డబ్బా కట్టింది.

ఒక్క మనిషికి కొలిచి వండడం అమ్మమ్మకి చేతకాదు. వానాకాలంలో కంద బచ్చలి, చలికాలంలో పెండలం వేపుడు, వేసవి వస్తే మామిడికాయ పప్పు, వినాయక చవితికి ఉండ్రాళ్ళు, నాగుల చవితికి చలిమిడి, ఏది చేసినా పిన్నితో పాటు ఇంకో ముగ్గురికి సరిపోయేలా పంపేది. ఆ ముగ్గురూ ఎవరో ఆవిడకి తెలియదు. సాయంత్రం బస్సుకి ఖాళీ కేరియర్ తిరిగొచ్చేది, కాని ఎప్పుడూ ఖాళీగా రాలేదు. లేత చింతచిగురు, నేరేడు పళ్ళు, సీతాఫలాలు, ఒకసారి ఆకులో చుట్టిన తేనెపట్టు ముక్క, ఏదో ఒకటి అందులో ఉండేది. పిల్లలం కళ్ళు మూసుకుని, మూత సందులోంచి వాసన చూసి లోపలేముందో చెప్పాలి, గెలిచినవాళ్ళకి మొదటి పిడికెడు. నేను ఉసిరికాయలు తప్ప అన్నీ చెప్పేదాన్ని, ఉసిరికి వాసనుండదని ఇప్పటికీ వాదిస్తాను.

ఆ ఏడు వానలప్పుడు అడవిలో ఎక్కడో మందుపాతర పేలింది. నర్సీపట్నంలో ఏ వీధరుగు మీద చూసినా అదే మాట. ఎవరి సంచిలో ఏముందో, ఎవరు ఎవరికి అన్నం మోస్తున్నారో అని గుసగుసలు. అడవి దారిలో చెక్‌పోస్టు వెలిసింది. బస్సులో అందరినీ దింపి, సంచులు విప్పించి, పేర్లు రాసుకుని ఎక్కించేవారు. ఎన్నికల మీటింగులో ఒక నాయకుడు మీ భద్రత కోసమే దాన్ని పెట్టించానని చెబితే జనమంతా చప్పట్లు కొట్టారు. మా అమ్మమ్మ కూడా కొట్టింది.

భయం పెద్దవాళ్ళది, మాకు మాత్రం కొత్త ఆట దొరికింది. వీధికి అడ్డంగా పాత చీర కట్టి, జామకాయలమ్మే ఆవిడ గంప దింపించి, అనుమానంగా ఉందని చెప్పి రెండు కాయలు జప్తు చేసేవాళ్ళం. ఆవిడ మమ్మల్ని తరుముతుంటే నవ్వలేక పొట్టలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళం. పోలీసు వేషం ఎప్పుడూ నాదే.

అలా ఉండగా ఒక సోమవారం కేరియర్ చెక్‌పోస్టులో ఆగిపోయింది. ఒక్క టీచరుకి ఇంత అన్నమా, మిగతాది అడవిలోకి వెళ్తోందా అని వాళ్ళ అనుమానం. పంపినావిడని రమ్మన్నారని డ్రైవరుగారు వచ్చి చెప్పాడు. మర్నాడు అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. చెక్‌పోస్టులో ఎస్సై గారు కుర్చీ వేయించి, మర్యాదగానే అడిగారు.

"మీ అమ్మాయి కాక ఇంకా ఎవరు తింతారమ్మా?"

"ఓ ముగ్గురు తింతారు బాబూ."

"వాళ్ళ పేర్లేటి?"

"నాకేటి తెల్సు? పేర్లడిగి అన్నం పెడతారేటి?"

పక్కనున్న కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఎస్సై గారు మాత్రం నవ్వలేదు. పిన్ని ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, దానికి పోలీసు రిపోర్టు కావాలి. శనివారంలోగా పేర్లు రాసివ్వకపోతే ఆ రిపోర్టులో ఏం రాయాలో తనకే తెలియదని ఆయన నెమ్మదిగా చెప్పారు. అడవిలో వీరుడికి గుప్పెడు గింజలిచ్చి తెల్లదొరల చేత దెబ్బలు తిన్నవాళ్ళ పాఠం మా బళ్ళో చదివి, వాళ్ళకి చప్పట్లు కొట్టినదాన్నే, ఆ రోజు అమ్మమ్మ కొంగు వెనక దాక్కున్నాను.

అక్కడి నుంచి పిన్ని గదికి వెళ్ళాం. తినే ముగ్గురిలో ఇద్దరు తోటి టీచర్లు, పేర్లు వెంటనే చెప్పేశారు. మూడో ఆవిడ కొండమీది గూడెం నుంచి వచ్చి బడికి నీళ్ళు మోసే మనిషి. మాకు తేనెపట్టు పంపింది ఆవిడేనని అప్పుడే తెలిసింది. ఒకప్పుడు ఆవిడ తమ్ముడి పేరు ఇలాగే పుస్తకంలో రాసుకున్నారట, ఆ తర్వాత అడవిలో ఏం జరిగినా అతని గుమ్మంలోకే జీపు వచ్చేదట.

"పేరు రాత్తే నాకొద్దమ్మా. అన్నం లేకపోయినా పర్లేదు," అని ఆవిడ గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది.

పిన్ని ఏడుపు మొహం పెట్టింది. పేరిస్తే ఆవిడకి ద్రోహం, ఇవ్వకపోతే తన ఉద్యోగానికి గండం. అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "నాలుగోది నా పేరు రాసీ. శనివారం శనివారం నానే ఒత్తాను, నా అన్నం నానెవలికి పెట్టుకుంటే వాళ్ళకేటి?" అంది.

అలాగే రాశారు. మామూలు రోజుల్లో ముగ్గురి అన్నమే వెళ్ళేది. శనివారం మాత్రం ఒంటిపూట బడి అయ్యాక నేనూ అమ్మమ్మా నాలుగో వాటాతో బస్సెక్కేవాళ్ళం. నా బాల్యంలో అంతకన్నా మంచి రోజులు లేవు. కిటికీ పక్క సీటు, తడిసిన వరిచేల వాసన, ఒళ్ళో వెచ్చగా కేరియర్, చెక్‌పోస్టులో దిగగానే ఎవరూ అడగకముందే అమ్మమ్మ తన పేరు గట్టిగా చెప్పడం. వృత్తి ఏమిటని కానిస్టేబులు అడిగితే ఒక వారం వండడం అనీ, ఇంకో వారం తినడం అనీ రాయించింది. బడి వెనక సపోటా చెట్టు కింద ఆ నీళ్ళావిడ కూర్చుని, వరహాలమ్మ గారి పేరు మీద వచ్చిన అన్నాన్ని వేళ్ళు నాకుతూ తినేది. ఎదురుగా కూర్చున్న అమ్మమ్మ ముద్ద కూడా ముట్టకుండా, ఉప్పు సరిపోయిందా అని అడిగేది. ఆ ఏడాది చివర్లో పిన్నికి ఉద్యోగం ఖాయమైంది, అమ్మమ్మ వీధంతా బూరెలు పంచింది.

ఇప్పుడు ఆ చెక్‌పోస్టు లేదు, దాని స్థలంలో టీ బడ్డీ ఉంది. అయినా బస్సులో కేరియర్ పంపాలంటే ఆధార్ కాపీ కావాలి, పంపేవాళ్ళ పేరూ అందుకునేవాళ్ళ పేరూ ఫోను నంబర్లూ కావాలి. అంత తతంగం ఎవరు పడతారని జనం అన్నం పంపడమే మానేశారు. నేనూ అంతే. పెళ్ళికెళ్ళినా పరీక్షకెళ్ళినా రిజిస్టరు నా వైపు తోసేలోపే పెన్ను తీస్తున్నాను, ఎందుకని అడగడం ఎప్పుడు మర్చిపోయానో కూడా నాకు గుర్తు లేదు. అది తలచుకుంటే సిగ్గేస్తుంది.

పోయిన నెలలో అమ్మమ్మ పెద్దకర్మ జరిగింది. పంక్తి లేచే వేళకి షేర్ ఆటో దిగి ఒక ముసలావిడ, చంకలో విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టతో, గుమ్మంలో నిలబడింది. మా బావ ఎదురెళ్ళి, "ఎవరమ్మా మీరు, పేరేటి?" అని అడిగాడు. ఆవిడ గతుక్కుమని ఒక అడుగు వెనక్కి వేసింది. లోపలి నుంచి పిన్ని పరిగెత్తుకొచ్చి, "ముందు విస్తరెయ్యి బాబూ, బేగి," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆవిడ నిదానంగా తింది, రెండోసారి పులుసు వేయించుకుంది, మీ అమ్మ చేతి వంటలా లేదని పిన్నితో అని నవ్వింది. పిన్ని కూడా నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆవిడ వెళ్ళిపోయాక బావ మళ్ళీ అడిగాడు, ఎవరావిడ అని. అన్నానికొచ్చిన మనిషి అంది పిన్ని. ఆవిడ పేరు పిన్నికి తెలుసు. ఆ తర్వాత మేమెవరమూ అడగలేదు.