బార్కస్‌లో ఒకే పళ్లెం

శంషాబాద్‌లో గది అద్దెకు తీసుకుని రెండేళ్లయినా సెలవునాడు నాకు తోడెవరూ ఉండరు. ఈ మధ్యాహ్నం పహాడీ షరీఫ్ దాటి బార్కస్ వెళ్లి, ఒక హోటల్లో మండీ అడిగాను. నలుగురికి సరిపడే పళ్లెంలో అన్నం, మాంసం తెచ్చిపెట్టాడు హోటల్ పెద్దాయన.

"ఒక్కనివే వచ్చినవా బేటా? మండీ ఒక్కరు తినరు," అంటూ చేతులు కడుక్కొని ఎదురుగా కూర్చున్నాడు. "మా తాత గూడ యెమెన్ నుంచి ఒక్కడే వచ్చిండు, నిజాం ఫౌజుల నౌకరీకి."

"మళ్లీ వెనక్కి వెళ్లలేదా?"

"పోలే. కలిసి తినెటోళ్లు దొరికిన్రు, ఇక్కడనే ఉండిపోయిండు."

మంచి ముక్కలన్నీ నా వైపు జరిపాడు. ఈ ఊరికొచ్చాక నా పళ్లెంలో ఇంకొకరు చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారి. తినడం అయిపోయినా చెయ్యి కడుక్కోవడానికి లేవబుద్ధి కాలేదు.

మీరు కొత్త ఊరికి వచ్చినప్పుడు మీతో మొదట కలిసి తిన్నది ఎవరు?