ఫుట్‌బోర్డు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు

మా ఊళ్ళోకి బస్సు రావడం ఇవాళ్టితో ఆఖరన్నారు...

ఏడూ పదికి వచ్చింది. ఎప్పటిలాగే ఆగింది. టౌన్లో కూరగాయలు అమ్మే నాగమణి, ఆనపకాయల గంపతో ఇంకా వీధి మలుపు దగ్గరే ఉంది. ఆమె మనవరాలు ముందే వచ్చి బస్సు మెట్టు మీద ఒక కాలేసి నిలబడింది. గంప ఎక్కి, బస్సు కదిలేసరికి ఏడూ ఇరవై రెండు.

కండక్టరు టికెట్లు కొడుతూ అందరికీ వినపడేలా చెప్పాడు. "రేపట్నుంచి బస్సు లోపలికి రాదండి. బైపాస్ మీంచే వెళ్ళిపోద్ది. డిపోలో ఆర్డరేసేశారు."

ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

మా చిన్నప్పుడు... కాలవ లాకుల దగ్గర హారన్ వినపడగానే అమ్మ వసారాలోంచి కేకేసేది. "ఒరేయ్, బస్సాపు!"

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగెత్తేవాణ్ణి. కుడికాలు ఫుట్‌బోర్డు మీద, ఎడమకాలు నేల మీద. అంతే... పిల్లాడి కాలు నేల మీద ఉండగా ఏ డ్రైవరూ బండి కదపడు. ఈ సంగతి మా ఊళ్ళో ప్రతి ఇంటికీ తెలుసు.

"ఎక్కుతావా, దిగుతావా?" అనేవాడు కండక్టరు.

"మా అమ్మొస్తోందండి."

"ఎక్కడా?"

"జడేసుకుంటోందండి."

బస్సంతా నవ్వేది. డ్రైవరు దిగి ఎవరి అరుగు మీదో కూర్చునేవాడు. ఆ ఇంటివాళ్ళు చెంబుతో మజ్జిగ ఇచ్చేవారు. ఎవరూ విసుక్కునేవారు కాదు... ఇవాళ మా అమ్మ అయితే రేపు వాళ్ళ అత్తగారు.

ఒకసారి చాలాసేపు ఆపాను. అమ్మ ఎంతకీ రాదు. నా కాలు తిమ్మిరెక్కింది. చివరికి వీధి మొదట్లో కనిపించింది, పరుగెత్తుకుంటూ. "వచ్చేసిందర్రా!" అని బస్సులో ఒకటే సంబరం. అమ్మ రొప్పుతూ వచ్చి అంది...

"నేను రావట్లేదండి. చుట్టాలొచ్చారు. అది చెబుదామనే వచ్చాను."

పెళ్ళయ్యాక అమ్మ బదులు మా ఆవిడ. వరలక్ష్మి టౌన్లో ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. నాది కోఆపరేటివ్ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరిదీ ఇదే బస్సు. తాళం వేసి వీధిలోకి వచ్చాక, గ్యాస్ కట్టేశానా లేదా అని మళ్ళీ వెనక్కి వెళ్ళేది. రోజూ... ఒక్కరోజు కూడా గ్యాస్ వెలుగుతూ లేదు. నేను మాత్రం ఒక కాలు కింద పెట్టుకుని ముప్పై ఏళ్ళు నిలబడ్డాను.

పోయిన కార్తీకంలో ఆవిడ పోయింది. కార్యక్రమాలన్నీ అయ్యాక మొదటిసారి బస్సెక్కినప్పుడు, డ్రైవరు బండి కదపకుండా మా సందు వైపే చూస్తూ ఉండిపోయాడు. అలవాటు...

"పదండి," అన్నాను.

ఇవాళ టౌన్లో దిగి నేరుగా డిపోకి వెళ్ళాను. మేనేజరు గారు ముప్పై దాటని అమ్మాయి. కూర్చోమని రిజిస్టరు తెరిచింది.

"మీ ఊళ్ళో రోజూ పది, పన్నెండు నిమిషాలండి. మీ కన్నా ముందు ఊళ్ళలో ఎక్కే నర్సింగ్ పిల్లలకి మొదటి క్లాసు పోతోంది. రాసిచ్చారు, చూడండి."

చూశాను. గుండ్రటి చేతిరాత. నాలుగే వాక్యాలు, ఒక్క పరుషమైన మాట లేదు. అది చదివాక ఇక వాదించబుద్ధి కాలేదు.

"తప్పు మాదేనండి. బస్సు ఆపడంలో నాది యాభై ఏళ్ళ సర్వీసు," అన్నాను.

ఆ అమ్మాయి నవ్వేసింది. "ఇప్పుడెవరి కోసం ఆపుతున్నారండీ?"

"ఇప్పుడు ఆపడం లేదండి."

రిజిస్టరు మూసేసింది. "సరే, ఒక నెల చూద్దామండి. ఏడూ పదికి వస్తుంది, ఏడూ పదకొండుకి కదులుతుంది. ఒక్కరోజు ఆపినా ఇక బైపాసే. మీవాళ్ళకి మీరే చెప్పుకోవాలి."

సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. బైపాస్ దాకా రెండు కిలోమీటర్లు. గంప నెత్తిన పెట్టుకుని అంత దూరం నడవడం నాగమణి మోకాళ్ళ వల్ల కాదు. బస్సు పోతే ఆమె బేరం పోయినట్టే. అయినా నోరు ఊరుకోదు.

"నిమిషమా! నిమిషంలో నా చెప్పులే దొరకవండి బాబాయిగారూ. మీరో కాలేస్తే ఆగదేంటి?"

"ఈసారి రెండు కాళ్ళూ పైనే పెడతానమ్మా."

"అబ్బో! పిన్నిగారుంటే ఇలాగే అనేవారా?"

"ఉంటే ఆవిణ్ణీ ఐదింటికే లేపేవాణ్ణి."

"లేచేవారేనండి. లేచి, బస్సొచ్చాక మళ్ళీ గ్యాస్ చూసొచ్చేవారు."

ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకి ఆవిడ గురించి నవ్వాను... బాగుంది.

ఇప్పుడు బస్సు ఎక్కడుందో మనకి ఫోన్లో కనిపిస్తుంది. మనం ఎక్కడిదాకా వచ్చామో బస్సుకి తెలియదు... ఒకప్పుడు తెలిసేది. ఆ నర్సింగ్ పిల్లల ఉత్తరం చదివాక మాత్రం, ఆ రోజులే మంచివని గట్టిగా అనలేకపోతున్నాను. మీ ఊళ్ళో బస్సు ఎవరి కోసం ఆగేదో మీరూ రాయండి. తీరిగ్గా చదువుతాను.

రేపు ఉదయం ఆరింటికి వీధి చివరి నుంచి ఒక్కో తలుపూ తడతాను. నాగమణి గంపని రెండో పక్క నేను పట్టుకుంటాను. ఏడింటికల్లా ఇద్దరం స్టాపులో ఉంటాం.