జకరయ్య గారి జయంతి

బందరులో ఏ దినోత్సవం జరిగినా ముఖ్య అతిథి కుర్చీలో జకరయ్యే కనిపించేవాడు. ఆయనేమీ డాక్టరు కాదు, లాయరు కాదు. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా స్తంభాలెక్కడంతోనే గడిచింది గానీ వేదికెక్కిన పాపాన పోలేదు.

రిటైరైన కొత్తలో ఒకసారి చిలకలపూడిలో ఒక ప్రైవేటు బడివాళ్లు గంట మోగడం లేదని కబురు పెడితే, వైరు చూసిపెడదామని వెళ్లాడు. ఆవేళ ఓజోన్ దినోత్సవం. రావలసిన ముఖ్య అతిథి రాలేదు. పిల్లలు ఎండలో వరసల్లో నిలబడి ఊగుతున్నారు. హెడ్‌మిస్ట్రెస్ సౌభాగ్యమ్మ గారు గేటు వైపు చూసీ చూసీ, ఇస్త్రీ చొక్కాతో గోడవార నిలబడ్డ జకరయ్యని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మైకు ముందు నిలబెట్టేసింది.

ఓజోన్ అంటే ఏమిటో జకరయ్యకి తెలియదు. పక్కనున్న టీచరు చెవిలో చెప్పింది విని అందుకున్నాడు.

"పిల్లలూ, పైన ఏదో పొర ఉందంట. దానికి చిల్లు పడిందంట. చిల్లు పడితే ఎవరో ఒకరు పైకెక్కి చూడాలి గదా. నేను చాలా స్తంభాలెక్కాను గానీ అంత పైకి ఎక్కలేకపోయాను. మీరు బాగా చదువుకుని ఎక్కండి."

అంతే, మైకు తిరిగి ఇచ్చేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచర్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఇచ్చిన మైకు తిరిగి ఇచ్చే ముఖ్య అతిథిని వాళ్లు అప్పటిదాకా చూడలేదు మరి. ఆ మాట గుడివాడ దాకా పాకింది. అప్పట్నించీ నీటి దినోత్సవానికీ, పిచ్చుకల దినోత్సవానికీ, రక్తపోటు దినోత్సవానికీ జకరయ్యే. ఆయనకీ సరదాగానే ఉండేది. భార్య ఎలీసబెతు మాత్రం, "ఇంట్లో కుళాయి కారుతుంటే చూసే దిక్కు లేదు గానీ, ప్రపంచ నీళ్లకి ఈయన గారు కావాలంట" అని సణిగేది.

అక్టోబరు పదిహేను వచ్చింది. ఆ తేదీ ఒక్కటే, దినోత్సవాలు మాత్రం బోలెడు. చేతులు కడుక్కునే దినోత్సవం అదే, గ్రామీణ మహిళల దినోత్సవం అదే, విద్యార్థుల దినోత్సవమూ అదే. జకరయ్య పుట్టినరోజు కూడా అదే. పొద్దున చిలకలపూడి బడిలో చేతులు కడిగించి, మధ్యాహ్నం అవనిగడ్డలో మహిళల సభ చూసుకుని, సాయంత్రం బందరు టౌన్‌హాల్లో విద్యార్థులతో మాట్లాడాలని ఒప్పుకున్నాడు.

టౌన్‌హాలు సభ పెట్టింది క్రాంతి కుమార్. స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్ సెంటరు నడుపుతాడు, సభలంటే పడిచస్తాడు. తను వరస కలిపి మావయ్య గారూ అని పిలిచే జకరయ్యకి పుట్టినరోజు కానుకగా ఉంటుందని కోనేరు సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టించమని షాపువాళ్లకి ఫోన్లో చెప్పాడు. అక్కడి కుర్రాడు ఆ సమయానికి ఎవరో స్వర్గస్థులైన మహనీయుడి జయంతి ఫ్లెక్సీ తయారుచేస్తున్నాడు. అందులో ఫోటో మార్చాడు, పేరు మార్చాడు, మిగతాది బాగానే ఉంది కదా అని వదిలేశాడు.

పదిహేనో తారీఖు పొద్దున్నే ఆటోలో వెళ్తూ జకరయ్య ఆ ఫ్లెక్సీ చూశాడు. తన ఫోటోయే. బాగానే పడింది. మెడలో మల్లెపూల దండ. అటొకటి ఇటొకటి దీపాలు. కింద పెద్ద అక్షరాలతో: 'విశ్రాంత లైన్‌మన్, ప్రజాబంధు జకరయ్య గారి జయంతి సందర్భంగా అశ్రునివాళులు.'

ఆటో ఆపించి దిగాడు. ఫ్లెక్సీ కింద టీ కొట్టు పెట్టుకున్నాయన ఫోటో వంకా, ఈయన వంకా మార్చి మార్చి చూశాడు.

"మీ అన్నగారా అండీ?"

"కాదయ్యా. నేనే."

టీ ఆయన గ్లాసు కింద పెట్టి చేతులు జోడించాడు. "అయ్యో పాపం! ఎప్పుడు పోయారండీ?"

"బడికి టైమవుతోంది" అనేసి జకరయ్య ఆటో ఎక్కాడు.

బడిలో అడుగుపెట్టేసరికి చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. పిల్లలంతా కుళాయిల ముందు బారులు తీరి, సబ్బు నురగ చేతులతో తలలు వంచుకుని నిలబడ్డారు. సౌభాగ్యమ్మ గారు కళ్లు మూసుకుని ఉంది. ఎవరో పెద్దవాళ్లు పోయినట్టున్నారు, మౌనం పాటిస్తున్నారనుకున్నాడు. ఎవరని అడగడానికి లేదు, మౌనం కదా. ఫోను సైలెంటులో పెట్టి, తనూ తల వంచి నిలబడ్డాడు. పోయినవాళ్ల ఆత్మకి శాంతి కలగాలని మనసులో ప్రార్థన కూడా చేశాడు.

సౌభాగ్యమ్మ గారు కళ్లు తెరిచి, "ప్రభువా!" అని స్తంభం పట్టుకుంది.

"ఎవరికమ్మా ఈ మౌనం?"

"మీకేనండీ! పొద్దుటే గ్రూపులో ఫ్లెక్సీ ఫోటో వచ్చింది!"

"మరి నేను కూడా పాటించేశానే!"

నురగ ఆరిపోయి చేతులు జిగటగా ఉన్నాయని పిల్లలు గోల మొదలెట్టారు. జకరయ్య ఏ ఉపన్యాసం లేకుండా, "కడుక్కోండి నాయనా" అన్నాడు. ఆ రోజు కార్యక్రమం అంతే.

బయటికొచ్చి ఫోను చూస్తే ఎలీసబెతు కాల్.

"ఏవండీ, పాస్టరు గారొచ్చి కూర్చున్నారు. సమాధి ఎక్కడ తవ్విద్దామని అడుగుతున్నారు. చేపల పులుసు పెట్టాను. మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారా, రావట్లేదా?"

"అవనిగడ్డలో మీటింగుందే."

"అయితే పాస్టరు గారికి వడ్డించేస్తాను," అని పెట్టేసింది.

అవనిగడ్డలో దిగేసరికి మహిళా సంఘం నాయకురాలు నాంచారమ్మ పూలచక్రం పట్టుకుని, ఆడవాళ్లతో బందరు వెళ్లడానికి వ్యాను ఎక్కుతోంది. జకరయ్యని చూసి ఆమె కళ్లు చెమ్మగిల్లలేదు, ఎర్రబడ్డాయి.

"బాగుందండీ బాబూ! పొద్దుట్నించీ ఏడుస్తున్నాం. కలుపు పని మానుకొచ్చినోళ్లున్నారు. ఇప్పుడు ఇంత ఏడుపూ ఏం చేసుకోవాలండీ?"

"నాదేం లేదు తల్లీ, ఫ్లెక్సీ షాపువాళ్లు..."

"సర్లెండి. పూలైతే మీ పేరు మీదే కొన్నాం, పట్టండి," అని పూలచక్రం ఆయన చేతుల్లోనే పెట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని తిరుగు బస్సెక్కిన జకరయ్యకి పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.

సాయంత్రం టౌన్‌హాలు గుమ్మంలో క్రాంతి కుమార్ కాళ్ల మీద పడ్డంత పని చేశాడు.

"పొరపాటైపోయింది మావయ్య గారూ! కానీ జనం విద్యార్థుల దినోత్సవానికి రాలేదండీ, మీ సంతాపానికొచ్చారు. హాలు నిండిపోయింది. సంతాప సభంటే అధ్యక్షుడు కావాలి. ఇంత తక్కువ టైములో మీరు తప్ప నాకెవరున్నారండీ?"

జకరయ్యకి కోపం రావలసింది. కానీ జీవితంలో ఎవరు పిలిచినా కాదనలేదు. వెళ్లి తన ఫోటో పక్కనున్న కుర్చీలో కూర్చున్నాడు. ముందు వరసల్లో కాసేపు గుసగుసలు, నవ్వులు. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు. రాసుకొచ్చిన మాటలు వృథా చేసుకోవడం ఇష్టంలేక ఒక్కొక్కరే వేదికెక్కి ఆయన్ని పొగిడి, చివర్న ఆయన వైపు తిరిగి నమస్కారం పెట్టి దిగారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక ముసలావిడ లేచింది. నాగాయలంక నుంచి వచ్చానంది, పేరు ముత్యాలమ్మ అంది. చూపు ఆనక మైకు దాకా తడుముకుంటూ వచ్చింది.

"తొంభైలో గాలివాన కొట్టినప్పుడు మా ఆయన ఇశాపట్నం హార్బర్లో ఉన్నాడండీ. బోట్లు మునిగిపోయినయ్యన్నారు. ఉన్నాడో పోయాడో తెలీదు. తీగలన్నీ తెగి పడున్నయ్యి. ఈ జకరయ్య గారు స్తంభం మీదుంటే కిందనించి ఏడ్చాను. ఆయన అక్కడే వైరు కలిపి, ఎక్కడెక్కడికో మాట్టాడి, ఎండెక్కిందాకా దిగకుండా కనుక్కున్నారు. పైనించి కేకేశారండీ. 'అమ్మా, బతికే ఉన్నాడు! అన్నం తింటున్నాడంట!' అని. మొహం నేను సరిగా చూళ్లేదు. అరికాళ్లే కనపడ్డయ్యి. ఉండగా ఒక్కసారన్నా వచ్చి దణ్ణం పెట్టుకోలేకపోయాను."

జకరయ్యకి ఆ తుఫాను గుర్తుంది. ఆ ఆడమనిషి గుర్తులేదు. అలాంటివాళ్లు ఆ వారమంతా ప్రతి స్తంభం కిందా ఉన్నారు. ఇన్నేళ్లుగా ఓజోను గురించీ పిచ్చుకల గురించీ మాట్లాడాడు గానీ, తన గురించి ఒకళ్లు మాట్లాడగా వినడం ఇదే మొదలు. క్రాంతి కుమార్ మైకు అందించాడు. జకరయ్య దాన్ని పక్కన పెట్టి, లేచి ఆవిడ దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, నేనే జకరయ్యని. నేను పోలేదమ్మా."

ముత్యాలమ్మ ఆయన మొహం మీద మొహం పెట్టి చూసింది. చేతులు తడిమింది. తర్వాత గబగబా ఫోటో దగ్గరికి పోయి, దానికి వేసిన దండ పీకి పారేసింది.

"నిక్షేపం లాంటి మనిషికి దండలేంటిరా, మీ చేతులిరగా!"

పొద్దుట కొని, తెచ్చే మొహం లేక ఆఫీసు గదిలో దాచిన కేకు క్రాంతి కుమార్ అప్పుడు బయటికి తీశాడు. ఎలీసబెతు కూడా పాస్టరు గారిని వెంటబెట్టుకుని అప్పుడే వచ్చింది. జకరయ్య కేకు కోసి, మొదటి ముక్క భార్యకీ, రెండోది ముత్యాలమ్మకీ పెట్టాడు. ఆవిడ తన ముక్కలో సగం తుంచి, గుమ్మం దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ తన ముసలాయన కోసం తీసుకెళ్లింది. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని హాలంతా వినబడేలా అడిగాడు.

"ఇంతకీ ఎవరే పోయింది?"

"ఎవరూ పోలేదు గానీ, నువ్వు తిను," అంది ముత్యాలమ్మ.