ఓబుళమ్మ గిన్నికోళ్లు

తొండూరు దగ్గర ఓబుళమ్మ నాటుకోళ్లతోపాటు గిన్నికోళ్లనూ పెంచుతుంది. నాటుకోళ్లతో ఆమెకు బెంగ లేదు. తల్లి రెక్కలు విప్పితే పిల్లలన్నీ దాని కిందికే చేరతాయి. గిన్నికోడి మాత్రం పిల్లల్ని తడిగడ్డిలో వదిలేసి తన మేతకు పోతుంది. అందుకే మోకాళ్ల నొప్పులతోనే ఆమె పొద్దస్తమానం వాటి వెనకే తిరుగుతుంది.

ఆరోజు పులివెందులలో ఆమె తమ్ముడి కూతురి పెళ్లి. పట్టుచీర కట్టుకుని గడప దాటేసరికి వాన దంచింది. గడ్డిలో గిన్నిపిల్లలు వణుకుతున్నాయి. ఓబుళమ్మ వాటిని ఏరి, పట్టుకొంగులో పొదువుకుని పొయ్యి ముందు కూర్చుంది.

"బస్సొస్తాంది! ఇది పోతే తాళి కట్టేది చూడలేవు. తల్లికే లేని బాధ నీకేందే?" మొగుడు పెద్దన్న అరిచాడు.

"దానికి తెలీదు. నాకు తెలుసు గదా!"

బస్సు వెళ్లిపోయింది. పెద్దన్న గొణుక్కుంటూ వచ్చి పక్కన కూలబడి, ఇస్త్రీ కండువా ఒళ్లో పరిచాడు.

"రెండు ఈడ పెట్టు. భోజనాలకన్నా పోదాంలే."