ఘాటు తగ్గిన సిగరెట్టు

నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లాను. కరీంనగర్‌లో నేను అద్దెకుంటున్న ఈ ఇంటికీ పక్కింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడకు ఆనుకొని పక్కింటివాళ్ల కొత్త అల్లుడు సిగరెట్టు కాలుస్తున్నాడు. నన్ను చూసి మర్యాదకు చేయి వెనక్కి దాచుకొని, "ఇది లైటే ఆంటీ, ఏం కాదు" అన్నాడు. నేను నవ్వి అటు తిరిగి బట్టలు మడత పెట్టుకుంటున్నాను గానీ నా చెవి మాత్రం అతని వైపే ఉంది. ఓరకంట చూశాను, బుగ్గలు లోపలికి పోయేంతగా గుంజాడు, గుంజిన పొగను చాలాసేపు లోపలే నిలిపాడు. ఊపిరి అలా నిలిచిపోయినప్పుడు ఉండే నిశ్శబ్దం నాకు కొత్త కాదు. దానితో ఏళ్ల తరబడి కాపురం చేశాను. ఒక మాట చెబుదామని నేను తిరిగేసరికి అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. చెప్పలేకపోయిన ఆ మాట పోనీ నా ఈడువాళ్లకైనా చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది సుల్తానాబాద్ దగ్గర వరి పండించే ఊరు. తాతల కాలం నుంచీ మెథడిస్టు సంఘం. ఒకసారి బాపు మందమర్రిలో ఏదో కూడికకు వెళ్లి, అక్కడ కీర్తన ఎత్తుకున్న ఒక కుర్రవాడి గొంతు విని మురిసిపోయి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండానే అవ్వతో, అదే మా అమ్మతో, "పిలగాని దమ్ము సూడాలె! చరణం చరణమంత ఒక్క బిగిన గుంజుకపోతడు" అన్నాడు. మా వైపు దమ్మంటే ఊపిరి. సిగరెట్టు ఒక్కసారి పీల్చి వదిలితే దాన్నీ దమ్మనే అంటాం. ఆ పిల్లవాడికే నన్నిచ్చి పెళ్లి చేశారు. ఆ రెండో దమ్ము కూడా ఉందని మాకు పెళ్లయ్యాక గాని తెలియలేదు.

ఆయనది బాయి పని. బొగ్గు గనిని మందమర్రిలో బాయి అనే అంటారు. దిగేముందు బాయి మూతి దగ్గరే జేబులు తడిమి చూస్తారు, లోపల గ్యాసు ఉంటుంది కాబట్టి అగ్గిపెట్టె గానీ బీడీ గానీ ఒంటి మీద ఉండకూడదు. షిఫ్టంతా అలా పొగ లేకుండా గడిపి, ఇంటికి వచ్చి, ఎంత తోమినా కనురెప్పల అంచున కాటుకలా మిగిలిపోయే బొగ్గుతోనే క్వార్టరు ముందరి బండ మీద కూర్చొని సిగరెట్టు వెలిగించేవారు. అప్పట్లో ఆయన కాల్చేది ఫిల్టరు లేని ఘాటు సిగరెట్టు. దాన్ని గట్టిగా గుంజడం ఎవరి వల్లా కాదు, గొంతులో ఎండుమిరప కారం పడ్డట్టే ఉంటుందట. అందుకని కొంచెం పీల్చి, వదిలేసి, మాటలు మొదలుపెట్టేవారు. టిఫిన్ డబ్బా మూత చప్పుడు గుర్తుపట్టి చీకట్లో ఎలుకలు ఎలా వస్తాయో, పైకప్పు కూలేముందు రాయి ఎలా గొణుగుతుందో, ఆ చప్పుడు వినగలిగినవాడు పక్కన ఉంటే ఎంత ధైర్యమో, అన్నీ చెప్పేవారు. నేను గడపలో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ వినేదాన్ని. ఆ మాటల మధ్య సిగరెట్టు వేళ్ల మధ్యే కాలిపోయేది. మా అత్తమ్మ అది చూసి, "సగం వీడు తాగుతడు, సగం గాలి తాగుతది" అని నవ్వేది.

కొన్నేళ్లకు దగ్గు పట్టుకుంది. డిస్పెన్సరీలో డాక్టరు మానేయమన్నాడు. మానేశారు, మళ్లీ పట్టారు. ఇంట్లో అందరం పరేషాన్‌గా ఉన్న ఆ రోజుల్లో ఇచ్చోడలో లారీల పని చూసుకునే మా మరిది ఒక తెల్లటి పెట్టె పట్టుకొని వచ్చాడు. మెరిసే కాగితం, తేలికైన పేరు, లోపల తెల్లటి సన్నని సిగరెట్లు. "వదినా, నువ్వింక ఫికర్ జెయ్యకు. గీటిల ఘాటే ఉండది. పట్నంల పెద్ద పెద్దోళ్లు గివ్వే తాగుతున్నరు" అన్నాడు. ఆయన ఒకటి వెలిగించి, పీల్చి, అయోమయంగా సిగరెట్టు వంక చూశారు. "గిదేం సిగరెట్ రా? ఉత్త గాలి గుంజినట్టే ఉన్నది" అన్నారు. అందరం నవ్వుకున్నాం. ఉత్త గాలి అన్న మాట నా చెవికి ఎంత తీయగా వినిపించిందో! ఆ రోజు కోడికూర వండాను.

ఆ తర్వాత జరిగింది మెల్లమెల్లగా జరిగింది. నిజానికి నాకు మొదట తెలిసింది పొగలో తేడా కాదు, మాటలో తేడా. ఆయన ఎప్పటిలాగే బండ మీద కూర్చునేవారు, నేను గడపలో. కానీ ఇప్పుడు ఆయన నోటికి తీరిక లేదు. పెదవులు బిగించి, వేళ్లతో ఫిల్టరును గట్టిగా పట్టుకొని, పొడుగ్గా గుంజి, నీళ్లలో మునిగినవాడిలా ఊపిరి బిగపట్టి, వదిలీ వదలకముందే మళ్లీ గుంజేవారు. నిప్పు ఆగకుండా కిందికి పరుగెత్తేది. గాలికి వాటా లేకుండా పోయింది. నేను ఏదైనా అడిగితే ఒక చేయి పైకెత్తేవారు, ఆగు, ఇది అయిపోనీ అన్నట్టు. అయిపోయాక ఇంకొకటి వెలిగేది. పొద్దున వాకిలి ఊడుస్తుంటే సిగరెట్టు ముక్కలు చివరి అంచుదాకా నల్లగా కమిలి కనిపించేవి. తేలిక సిగరెట్టుకు ఇంత నలుపు ఎక్కడిదని అనుకునేదాన్ని. అడగడానికి మనిషి ఎదురుగానే ఉన్నా మాట్లాడే మనిషి కాకుండా పోయారు. అప్పటికి అత్తమ్మ కూడా లేదు, మాకు పిల్లలు లేరు. ఆ క్వార్టరులో కుక్కరు కూత తప్ప వేరే చప్పుడు లేని సాయంత్రాలు ఎన్ని గడిచాయో.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు మా సంఘమంతా ఈత మట్టలు పట్టుకొని కాలనీ వీధుల్లో పాడుకుంటూ తిరిగేవాళ్లం. మగవాళ్లు ముందు, ఆడవాళ్లం వెనక. అన్ని గొంతుల మీదుగా ఆయన గొంతు మా వరుసదాకా తేలి వచ్చేది, నేను దాన్ని పట్టుకొని పాడేదాన్ని. ఆ ఏడు కల్వర్టు దాటుతుండగా నేను శ్రుతి తప్పాను. ఏమిటా అని చూస్తే, పట్టుకోవడానికి ముందు నుంచి ఆ గొంతు రావడం లేదు. ఆయన వరుస తప్పి కల్వర్టు గోడ మీద కూర్చొని, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి ఉన్నారు. నేను పరుగున వెళ్లాను.

"ఏమైంది?"

"ఏం కాలే. జర దమ్ము అందుతలేదు. నువ్వు పో, అందరు సూస్తున్నరు."

"సూడనీ. నేను పోను" అని పక్కనే కూర్చున్నాను. మా ముందు నుంచి పాట వెళ్లిపోయింది. ఆయన పెదవులు పాటను అనుసరిస్తూనే ఉన్నాయి, శబ్దం లేదు.

ఆ వారంలోనే కరీంనగర్‌లో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన డాక్టరుతో కాస్త గర్వంగానే, "ఘాటువి ఎప్పుడో ఇడిసిన సారు, ఇప్పుడు లైటే" అన్నారు. డాక్టరు నవ్వుతూ తన పెన్ను ఆయన చేతికిచ్చి, ఎలా తాగుతారో చూపించమన్నాడు. ఈయన సిగ్గుపడుతూనే పెన్నును వేళ్ల మధ్య పెట్టుకున్నారు. పెదవికి తగలగానే సిగ్గు పోయింది, అలవాటు వచ్చింది. బుగ్గలు గుంటలు పడేలా గుంజి, బిగబట్టి, దగ్గు తెరలో మునిగిపోయారు. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

"ఘాటుది తాగినప్పుడు మీ గొంతే మిమ్మల్ని ఆపేది. ఇప్పుడు ఆపేది ఏమీ లేదు. ఒంటికి అలవాటైనంత దొరికేదాకా ఇంకా లోతుకు గుంజుతనే ఉంటరు. గాలి కలవడానికి ఈ సిగరెట్లకు పక్కన సన్నటి రంధ్రాలు పెడతరు. అవి మీ వేళ్ల కిందనే మూసుకపోతున్నయి" అన్నాడు.

"గట్లయితే పాతదే మంచిదా సారు?"

"అదీ కాదు, ఇదీ కాదు. సిగరెట్టుల మంచిది లేదు."

బాయి దుమ్ము కూడా తన వంతు చేసిందని ఎక్స్‌రే చూసి చెప్పాడు. తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు తల పెట్టుకొని కూర్చున్నారు. సుల్తానాబాద్ దాటాక, పొట్టకొచ్చిన వరి మళ్లను చూస్తూ, "మరి ఎవ్వలు జెప్పకపాయె" అన్నారు. ఎవరి మీదా కోపం లేదు ఆ గొంతులో. అందుకే నాకు ఏడుపొచ్చింది.

మానేశారు. మానడం అంటే మాటలు కాదు. చిరాకులు, విసురులు, సోంపు నమిలి నమిలి నాలుక పగలడం, అన్నీ పడ్డారు. కానీ కొంతకాలానికి ఆయన మాట తిరిగొచ్చింది. ఒక వాక్యాన్ని రెండు మూడు ముక్కలు చేసి, మధ్యలో ఆగి ఆగి చెప్పేవారు. పాట మాత్రం రాలేదు. చర్చిలో వెనక వరుసలో కూర్చొని వేళ్లతో తొడ మీద తాళం వేసేవారు. ఒక సాయంత్రం బండ మీద కూర్చొని, "నువ్వు పాడు, నేనింట" అన్నారు. నేనెప్పుడూ గుంపులో గొంతు కలిపినదాన్నే గానీ ఒక్కదాన్నే పాడినదాన్ని కాను. అయినా పాడాను. చరణం మధ్యలో నేను ఊపిరి తీసుకోబోతే ఆయన అరచేయి చూపించి ఆపేవారు, ఇంకొంచెం సాగు, అదిగో అక్కడ తీసుకో అని వేలితో చూపించేవారు. ఆయనకు అందని దమ్మును నాకు నేర్పారు. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయేదాకా, దాదాపు ప్రతి సాయంత్రం.

ఇప్పుడు ఆ క్వార్టరు ఇంకెవరికో ఇచ్చారు. మొన్నామధ్య మందమర్రి వెళ్లి ఆ వీధిలో నడిచాను. బండలు ఉన్నాయి గానీ వాటి మీద కూర్చునేవాళ్లు లేరు. తలుపులన్నీ మూసి ఉన్నాయి, లోపల టీవీల వెలుగు. సిగరెట్టు పెట్టెల మీద భయపెట్టే బొమ్మలు వచ్చాయి, తాగేవాళ్లు పక్కకు పోయి, ఒంటరిగా నిలబడి, గబగబా గుంజి వచ్చేస్తున్నారు. పాతకాలం పొగ మంచిదని నేననను, మా ఇంటిని అదే ముందు తిన్నది. పొగకూ పొగకూ మధ్య మనుషులకు ఒకరితో ఒకరికి ఉండిన తీరిక పోయిందనే నా బాధ. ఈ ఇంట్లో పొద్దు వాలినప్పుడు నేను పాడుకుంటాను. ఎక్కడ కావాలంటే అక్కడ ఊపిరి తీసుకుంటాను. ఆపే చేయి లేదు.