అద్దానికి అతుక్కున్న సింహాలు

రాయ్‌పూర్‌లో నేను పనిచేసిన మ్యూజియం గదిలో ఫ్యాను ఉండేది గానీ, మే నెలలో కూడా వేయకూడదు. గాలి తగిలితే పాత బొమ్మల మీది రంగు పొట్టులా లేచిపోతుంది. కిటికీలూ మూసే ఉంచాలి. "ఫేను ఏసుకోడానికి లేని నౌకరీ ఏటే, ఛోడ్ దే" అని మా అమ్మ రోజూ పోరు పెట్టేది. మానేస్తే మళ్లీ ఏ ఆఫీసు గుమ్మం ఎక్కాలి?

ఆ వేసవిలో ఒక జమీందారీ ఇంటి రాజచిహ్నం బాగుచేయమని నా దగ్గరికి వచ్చింది. కాగితం మీద రంగులతో వేసిన రెండు సింహాలు, మధ్యలో డాలు, పైన అద్దం బిగించిన ఫ్రేము. ఏటా దసరాకి ఆయుధాలతో పాటు దానికీ పూజ చేసి, అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి బొట్టు పెట్టేవారట. ఆ తడి లోపలికి దిగి బొమ్మ అద్దానికి అతుక్కుపోయింది. సన్నటి బ్లేడుతో, ఊపిరి బిగబట్టి, గోరంత గోరంతగా విడదీశాను. మెడ మీద కారే చెమట తుడుచుకోవడానికి కూడా చెయ్యి తీయలేను. ఆ సింహాల కంటే నేనే ఈ నౌకరీకి గట్టిగా అతుక్కుపోయానని ఒళ్లు మండేది.

వానలు పడేసరికి పని అయింది. అద్దానికీ బొమ్మకీ మధ్య ఎడం వదిలి కొత్త ఫ్రేము కట్టించాను. తీసుకెళ్లడానికి వచ్చిన ఆ ఇంటి పెద్దావిడకి, ఇక తడి తగలనివ్వొద్దని నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. ఆవిడ తలూపుతూ అంతా విన్నది. తర్వాత తనతో తెచ్చిన చెంబు నీళ్లలో కొంగు తడిపి, అద్దమంతా తుడిచి బొట్టు పెట్టింది.

"ఘర్ ఆ రహా హై న, బేటీ" అంటూ, ఇంటికొచ్చే బిడ్డకి బొట్టు పెట్టినట్టే దానికీ పెట్టానని చెప్పి, నా చేతిలో పేడా మిఠాయి ఉంచింది. పక్కనే ఉన్న మా ఆఫీసరు, ఏమీ అనొద్దన్నట్టు నావైపే చూస్తున్నారు.

పేడా నోట్లో వేసుకుని నవ్వాను. ఫ్రేము అంచున నిలిచిన నీటిచుక్క మెల్లగా లోపలికి దిగింది.