మోకాలి లోతు మట్టం

ఆ రోజుల్లో నాకు అంకె మీద ఉన్నంత నమ్మకం కంటి మీద ఉండేది కాదు. కన్ను అలిసిపోతుంది, భయపడుతుంది, మంచులో మోసపోతుంది. కొలబద్దకు అలాంటి బలహీనతలు లేవని నా ఇంజనీరింగు డిప్లొమా నేర్పింది. (అది నేర్పని సంగతే ఈ జ్ఞాపకం.) కొత్త ఉద్యోగంలో నన్ను టెక్కలికీ పలాసకీ మధ్య, పెద్ద చెరువు ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊరికి పంపారు. రోజూ ఉదయం ఎనిమిదింటికి నీటి మట్టం చూసి, రిజిస్టరులో రాసి, ఫోనులో పై అధికారికి పంపాలి. తూము దగ్గరి పాత కొలరాయి విరిగిపోయినందున, సెంటీమీటర్ల గుర్తులున్న ఓ కర్రను చెరువులో పాతించాను. సున్నా దగ్గర తారుతో గీత గీసి, సరిగ్గా ఆ గీత వరకే నేలలోకి దింపించాను. తొలిరోజు మట్టం నలభై ఆరు. ఆ తరువాత నేను నీళ్లలో దిగలేదు. గట్టు మీద నుంచే బైనాక్యులర్‌తో చదివేవాణ్ణి. (సాంకేతిక కారణమేమీ లేదు. జలగలంటే భయం.)

రెండో పంటకు నీళ్లు వదలడం మొదలైంది. తూము మెట్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి, ఒడ్డు బురద ఎండి నెర్రెలు విచ్చింది. అంకె మాత్రం కదలలేదు. మర్నాడూ నలభై ఆరు, మూడు వారాల తరువాతా నలభై ఆరు. చెరువు అడుగే కుంగుతోందా అని ఒక పూట, నాకే మతి చలిస్తోందా అని మరో పూట ఆలోచించాను. పైగా ఆ కర్ర రోజురోజుకూ నాకు దూరమవుతున్నట్టు అనిపించేది. ఒకనాడు ఎండిన బురదలో వరుసగా రంధ్రాలు కనిపించాయి. మూరకొకటి చొప్పున, తిన్నగా నీళ్లవైపు. ప్రతి రంధ్రంలోనూ ఒక పుల్ల. ఒంటికాలి ప్రాణి ఏదో గట్టు దిగి చెరువులోకి నడిచి వెళ్లినట్టుంది. తిరిగి వచ్చిన జాడ లేదు.

నాకు గది అద్దెకిచ్చి, వేళకు టీ పోసే పెద్దమ్మను ఆ సాయంత్రం అడిగాను: "పెద్దమ్మా, ఈ చెరువులో ఏమైనా ఉందా?"

వల చిక్కులు తీసుకుంటూ, తల ఎత్తకుండానే ఆవిడ అంది: "ఉండకేటి బాబూ? శానా ఉన్నాయి. నీలాటోడికి కనబడవు గానీ."

ఆ రాత్రి కిటికీ మూసుకుని పడుకున్నాను.

నలభై ఒకటో రోజున పై అధికారి ఫోను చేశారు. "ఏమయ్యా, పొలాలకు నీళ్లు పోతుంటే చెరువు తరగడం లేదా? గదిలో పడుకుని రాస్తున్నావా? రేపు నేనే వస్తున్నాను. ఆ అంకెలు అబద్ధమైతే ఉద్యోగానికి నీళ్లు వదులుకో!"

మర్నాడు తెలతెలవారుతుండగా, అంతకుముందెన్నడూ వెళ్లని వేళలో, గట్టెక్కాను. చెరువంతా మంచు. అందులోంచి, ఎవరూ పట్టుకోకుండానే, నా కొలకర్ర పైకి లేచింది. ఒకసారి ఊగింది. పక్కకు వాలి, నీళ్లను కోస్తున్న సన్నని చప్పుడుతో, నెమ్మదిగా లోపలికి నడవసాగింది. అప్పుడు నా గొంతులోంచి వెలువడిన ధ్వనిని ఇక్కడ నమోదు చేయదలచుకోలేదు.

"ఎవులది? బాబేనా?" మంచులోంచి మాట వచ్చింది. "ఏటా కేకలు? సేపలు బెదిరిపోవా?"

నడుం వంచి, నల్లచీర గోచీ పోసుకుని, చంకలో వలగుంజలు, భుజాన నా కొలకర్ర. పెద్దమ్మ!

"అది... అది ఎందుకు పీకారు?"

"పీకకేటి! రొయ్యపిల్లలు మోకాలి లోతు కాడే తిరుగుతాయి. నీళ్లు తగ్గితే గుంజలు లోనకి మార్సాలి గదా. నీకు నీళ్లంటే బయ్యం. నీ గుంజొక్కటీ ఎండలో నిలబడిపోతే నీకేటి దొరుకుద్దీ? మా గుంజల్తో బాటే రోజూ మార్సెత్తన్నాను. నువ్వు గీసిన నల్లగీత దాకానే దింపుతన్నాన్లే!"

"మరి ఆ రంధ్రాల్లో పుల్లలు?"

"పాత కన్నంలో ఎవులి కాలైనా దిగిపోద్దని గుర్తు. అదీ తెల్దా? ఏటి సదువుకున్నావు బాబూ!"

అధికారి వచ్చారు. దాచడానికి ఏమీ మిగలనందున అంతా చెప్పేశాను. ఆయన రిజిస్టరు తిరగేశారు. తరువాత పెద్దమ్మను కర్ర పక్కన నిలబడమన్నారు. నీరు సరిగ్గా ఆవిడ మోకాలి చిప్పను తాకింది. కర్ర మీద నలభై ఆరు. తొలిరోజు దాన్ని నాకు పాతిపెట్టిందీ ఆవిడే. నలభై ఒక్క రోజులుగా నేను ప్రభుత్వానికి నివేదించింది చెరువు మట్టం కాదు, పెద్దమ్మ మోకాలి ఎత్తు.

"సర్కారోరి కాయితాల్లో నా మోకాలెక్కిందే!" అని ఆవిడ మురిసిపోయింది.

ఆయన నవ్వలేదు, కానీ జీపులోంచి లెవెల్ పరికరం దింపించారు. ప్రతి రంధ్రం దగ్గరి నేల ఎత్తుకు నలభై ఆరు కలిపితే ఆనాటి అసలు మట్టం వచ్చేస్తుంది. నీళ్లలో ఉన్న రంధ్రాలను పెద్దమ్మ కాలితో తడిమి చూపించింది. మొత్తం నలభై ఒకటి. నా రిజిస్టరులో పద్దులూ నలభై ఒకటే. సాయంత్రానికి రిజిస్టరు సరిదిద్దాం. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు కుర్రవాళ్లు పంపే అంకెలను నేను సరిచూస్తున్నాను. మరీ నిలకడగా ఉన్న అంకె వస్తే కోప్పడను. మీ పక్కింట్లో వల వేసేవాళ్లున్నారా అని అడుగుతాను. తనకోసం రోజూ చన్నీళ్లలో దిగే మనిషిని గమనించలేక, గట్టు మీద నుంచి బైనాక్యులర్‌తో దెయ్యాన్ని వెతికిన ఆ పిల్లవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఏ చెరువుకు వెళ్లినా ఇప్పుడు పాంటు మడిచి నేనే దిగుతున్నాను. (నా మోకాలు యాభై ఒకటి. కొలిచి చూసుకున్నాను.)